విచారణ లేని తీర్పు

చెడిన వస్తువు వేఱు, చచ్చిన వస్తువు వేఱు. ఈ రెంటికిని గల భేదమును మనము నానాటికి మఱచిపోవుచున్నాము. ఇంటియందలి యంత్ర మొకనాడు మూగవోయినయెడల దాని మూతనైనను విప్పి చూడక, "ఇది పాతది, విడిభాగములు దొరకవు, పాఱవైచి క్రొత్తది కొనుడు" అని చెప్పుట అంగడివారికి పరిపాటి యైనది. ఆ మాటను వేదవాక్యముగా గ్రహించి యంత్రమును పాత యినుపసామానువానికి తూకమునకు వేయుట గృహస్థులకు అలవా టైనది. ఎంతటి నేరస్థునకైనను తన మాట చెప్పుకొను అవకాశ మీయక శిక్ష విధింపరాదని న్యాయశాస్త్రము ఘోషించుచున్నది. ముప్పది నలువది యేండ్లు మన యింట పాడిన యంత్రమునకు ఆపాటి విచారణ యైనను అక్కఱలేదా?

ఈ ప్రశ్న మాకు కాంపాక్టు డిస్కులను పాడించు పాత యంత్రములనుగూర్చి కలిగినది. పాట చేతిలోని ఫోనునందే లభించుచుండగా ఈ యంత్రముల ప్రసక్తి యేల యని కొందఱు నవ్వవచ్చును. వారికి సమాధానము తరువాత చెప్పుకొందము. ముందు మా యింట జరిగిన యుదంతమును పాఠకులు ఆలకింతురు గాక.

1980వ దశకపు చివరి సంవత్సరములలో మా మేనమామగారు గల్ఫు దేశమున ఉద్యోగము చేయుచు, సెలవునకు వచ్చినప్పు డొక యంత్రమును తెచ్చి మా తండ్రిగారి కిచ్చిరి. దానితో వచ్చిన డిస్కులు నాలుగే. పిమ్మట ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పాటలు, బాలమురళీకృష్ణగారి కచేరీలు, సుబ్బులక్ష్మిగారి కీర్తనలు డిస్కులుగా దొరకినకొలది ఒకటొకటిగా కొని మా తండ్రిగారు చిన్న బీరువాను నింపిరి. ఆయన పోయిన కొన్ని యేండ్లకు యంత్రమునకు జబ్బు చేసినది. ఒకప్పుడు డిస్కు పెట్టినంతనే పాడును. ఒకప్పుడు డిస్కు కదలనే కదలదు. అరగంటసేపు విద్యుత్తు నిచ్చి వేడెక్కనిచ్చినచో లేచును. కొన్నాళ్ళకు అదియు మానెను. పేరుపడిన మరమ్మతు దుకాణ మొకదానికి కొనిపోగా, అక్కడి యువకుడు బల్ల కావలనుండియే చూచి, "దీని లేసరు పోయినది, ఇక లాభము లేదు" అని చెప్పివైచెను. మూత విప్పలేదు. ఒక తీగనైనను తాకలేదు. వేడెక్కినంతనే లేచి పాడెడి యంత్రమున లేసరు పోయినదని ఆయన కెట్లు తెలిసెనో మాకు నేటికిని బోధపడలేదు.

హైదరాబాదు నగరమున ఒక సందులో డెబ్బది యేండ్లు దాటిన మరమ్మతుదారుడొకరు ఉన్నారని మిత్రులు చెప్పగా యంత్రమును అక్కడకు చేర్చితిమి. ఆయన రేడియోలతో మొదలుపెట్టి, టేపురికార్డర్లు, టెలివిజన్లు, తుదకు ఈ డిస్కుయంత్రములు బాగుచేయుచు జీవితమును గడపినవారు. మూతపై చేయి వేయకముందే మమ్ము ప్రశ్నింప మొదలిడిరి. చలికాలమున ఎక్కువగా మొరాయించునా, వేసవిలోనా? ప్రక్కను తట్టిన నేమగును? డిస్కు తిరిగి ఆగిపోవునా, మొదటనే తిరుగదా? అనుభవశాలి యైన న్యాయవాది సాక్షిని ప్రశ్నించినట్లుండెను. అన్నియు విని, "వకీల్ సాబ్, దీనికి ప్రాణం పోలేదు. ఎక్కడో నరం తెగింది" అనిరి.

ఆయన మాటయే నిజమైనది. ఆ కాలపు కొన్ని యంత్రములలో రెండు వైపుల రాగిదారులుగల పలకను వాడి, పైదారిని క్రిందిదారితో కలుపుటకు సన్నని లోహపు గొట్టములను గ్రుచ్చి టంకము పెట్టెడివారు. ఏండ్లతరబడి వేడెక్కుచు చల్లాఱుచు నుండుటచే ఆ టంకమున కంటి కగపడని బీటలు పుట్టును. వేడికి లోహము వ్యాకోచించినప్పుడు బీట మూసికొని విద్యుత్తు పాఱును. చల్లాఱగనే త్రోవ తెగిపోవును. ఆయన తన యొద్దనున్న పాత సర్వీసు మాన్యువలు ప్రతిని ముందుంచుకొని, ఏ తావున ఎంత వోల్టేజి యుండవలెనో చూచి కొలిచి, లోపమున్న తావును పట్టుకొనిరి. పిదప ప్రతి గొట్టమునను సన్నని రాగితీగను దూర్చి రెండువైపుల టంకము పెట్టిరి. ఒక సాయంకాలము పట్టినది. మా తండ్రిగారి డిస్కులలో ఒకటి పెట్టగా యంత్రము పాడెను. లేసరు చేసిన నేర మేమియు లేదు. దానికి మరణశిక్ష విధించినవారు సాక్ష్యమును చూడనేలేదు.

ఇట్టి యంత్రమును తేలికగా పాఱవైచుట ఎంతటి అవివేకమో తెలియవలెనన్న, అది చేయు పనిని ఒకింత తెలిసికొనవలయును. హాలండు దేశపు ఫిలిప్సు సంస్థయు జపాను దేశపు సోనీ సంస్థయు కలసి డిస్కునకు సంబంధించిన నియమములను 1980లో స్థిరపఱచిరి. 1982 అక్టోబరు 1వ తేదీన సోనీవారి సీడీపీ-101 అను యంత్రము జపానులో 1,68,000 యెన్ల ధరకు అమ్మకమునకు వచ్చెను. డిస్కు వ్యాసము 12 సెంటీమీటర్లు మాత్రమే. కాని దానియందు లోపలినుండి వెలుపలికి చుట్టలుగా సాగు త్రోవను విప్పి చాచినచో 5 కిలోమీటర్లకు మించును. ఒక చుట్టకును దాని ప్రక్క చుట్టకును నడుమ దూరము 1.6 మైక్రానులు, అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందు రెండు భాగములైనను కాదు. ఆ త్రోవపై ధ్వని సెకనునకు 44,100 మాఱులు కొలువబడి, ఒక్కొక్క కొలత ఒకట్లు సున్నలుగా 16 స్థానములలో వ్రాయబడి యుండును.

ఈ వ్రాతను చదువునది కంటికి కనబడని లేసరు కిరణము. గ్రామఫోను సూదివలె అది డిస్కును తాకదు, ఒరయదు. కావున వేయిమాఱులు పాడించినను కిరణమువలన డిస్కు అరుగదు. లోపలి చుట్టలను చదువునప్పుడు నిమిషమునకు సుమారు 500 సార్లు, వెలుపలి చుట్టలను చేరునప్పటికి సుమారు 200 సార్లు తిరుగునట్లు మోటారు తన వేగమును తానే తగ్గించుకొనుచుండును. డిస్కు ఎగుడుదిగుడుగా తిరిగినను కటకము పైకి క్రిందికి కదలుచు చూపును నిలుపుకొనును. గీతపడి కొంత వ్రాత చెడినను, 1960లో రీడు, సాలొమన్ అను అమెరికా శాస్త్రజ్ఞు లిరువురు కనుగొనిన గణితవిధానము నాధారము చేసికొని, చెడిన అంకెలను మిగిలిన యంకెల సాయముతో తిరిగి లెక్కకట్టి యంత్రము తెచ్చుకొనును. త్రోవవెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర వ్రాత చెడినను పాట చెడకుండుటకు ఇదియే కారణము. ఇంత పని యింట నొక మూలను కూర్చుండి చేయుచున్న యంత్రమును, ధర తక్కువ యైనంతమాత్రమున తుచ్ఛముగా నెంచుట తగునా?

ఇక ఈ యంత్రములకు సామాన్యముగా వచ్చు జబ్బు లేవి? పళ్ళెము బయటికి రాకున్నచో, దానిని త్రోయు రబ్బరు బెల్టు సాగిపోయి జాఱుచుండవచ్చును; అది కొద్దిపాటి ధరకు దొరకు వస్తువు. పాట మధ్యలో దాటులు వేయుచున్నచో, కటకముపై దుమ్మును పొగయు పేరుకొని యుండవచ్చును. లేదా కటకమును మోయు బండి నడుచు కమ్మీలపై నాటి గ్రీజు ఎండి బంకయై యుండవచ్చును. మీటలు నొక్కినను పలుకకున్నచో, లోపలి స్విచ్చులకు చిలుము పట్టియుండవచ్చును. ధ్వనిలో గుఱగుఱ వినవచ్చినచో, విద్యుత్తును శుద్ధిచేయు కెపాసిటర్లలోని ద్రవము ఎండిపోయి యుండవచ్చును. వీనిలో ఏదియు ప్రాణాంతకము కాదు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీగల్లీ వంటి బజారులలో కెపాసిటర్లు, స్విచ్చులు, టంకము నేటికిని అమ్ముచునే యున్నారు. సరకునకు కొఱత లేదు. మూత విప్పు ఓపికకే కొఱత.

అయినను ఉత్సాహముతో పని చెఱచుకొనవలదు. ఇంటి విద్యుత్తు ప్రాణములు తీయగలది. తీగను గోడనుండి ఊడదీయక మూత తీయరాదు. తీసిన తరువాతను, కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు దిగువఱకు తాళవలయును. లేసరు కిరణము కంటికి కనబడదు గాన హాని చేయదని భ్రమపడరాదు. వెలుగుచున్న కటకములోనికి తొంగిచూచుట కన్నులకు ప్రమాదము. కటకమును నోటితో ఊది, చొక్కాకొంగుతో తుడుచుట కూడదు. శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలును దూదిపుల్లకు కొద్దిగా అద్ది, ఒత్తిడి లేకుండ తుడువవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది మఱియొకటి. లేసరు ప్రక్కనుండు చిన్న మరను త్రిప్పి, దాని బలమును పెంచిన పాడునని చెప్పువారు కలరు. ముసలివానికి కొరడా దెబ్బ కొట్టినట్లు, అది కొన్నాళ్ళు పరుగెత్తి శాశ్వతముగా కూలును. కొలతలు తెలియనివారు ఆ మర జోలికి పోవలదు.

నిజముగా కాలము తీఱిన యంత్రములును కలవని మేము అంగీకరింతుము. లేసరు దీపము నిజముగనే క్షీణించి, ఆ నమూనా భాగము తయారుచేయుట మానివేయబడినచో వైద్యుడేమి చేయగలడు? బజారులో దొరకు నకళ్ళలో మంచివియు చెడ్డవియు కలసియుండును. డిస్కులును అమరములు కావు. ఇంగ్లండులోని ఒక కర్మాగారమున 1988 మొదలు 1993 వఱకు తయారైన డిస్కులలో అనేకము, లోపలి లోహపుపూత చెడి, అంచునుండి గోధుమరంగునకు తిరిగి పాడైపోయినవి. కావున మా వాదము పాతవన్నియు బ్రదుకుననుట కాదు. చచ్చినదో లేదో పరీక్షించి చెప్పవలయుననుటయే.

ఇప్పుడు నవ్వువారికి సమాధానము చెప్పవలసి యున్నది. వారు చెప్పునది రెండు మాటలు. ఫోనులో లక్షలకొలది పాటలుండగా ఈ యంత్ర మేల యనునది మొదటిది. మరమ్మతునకగు వ్యయముతో క్రొత్త పరికరము వచ్చునుగదా యనునది రెండవది. వీనిని మేము తేలికగా త్రోసిపుచ్చము. ఫోనుద్వారా వచ్చు ధ్వని తక్కువదనియు, పాత యంత్రమున దివ్యత్వ మేదో యున్నదనియు మేము చెప్పబోము. అట్టి మాటలు చెప్పి, సామాన్యమైన తీగలను భాగములను వేలకువేలు ధరలకు అంటగట్టు వర్తకులు బయలుదేఱినారు. వారి మాటలను నమ్మవలదని పాఠకులను హెచ్చరించుచున్నాము. మరమ్మతు వ్యయము కొన్నిచోట్ల అధికమగుటయు నిజమే. అట్టిచోట లెక్క చూచుకొని విరమించుట తప్పుకాదు.

కాని అసలు ప్రశ్న ధ్వనినిగూర్చినది కాదు, ధరనుగూర్చినదియు కాదు, స్వత్వమునుగూర్చినది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము ననుసరించి, అమ్మిన వస్తువుపై స్వత్వము కొనినవానికి సంక్రమించును. డిస్కులోని పాటపై రచనాహక్కు మనది కాదు గాని, డిస్కు మనది. దానిని మనము కోరినన్ని మాఱులు వినవచ్చును, మిత్రునికి వినుట కీయవచ్చును, మన తరువాత బిడ్డలకు విడిచిపోవచ్చును. నెలకింత యని చెల్లించి ఫోనులో విను పాటపై మనకున్నది అనుమతి మాత్రమే. పాటల హక్కుదారులకును ఆ సంస్థకును గల ఒడంబడిక ముగిసిననాడు, నిన్న విన్న పాట నేడు జాబితానుండి మాయమగును. మనము అడుగుటకు వీలులేదు. అద్దెయింట కాపురముండుట తప్పని మేమనము. కాని సొంతయిల్లు ఉన్నవాడు దానిని కూలగొట్టుకొని అద్దెయింటికి పోవుట వివేకమా?

ఇందు మఱియొక చిక్కున్నది. డిస్కుపై మన స్వత్వ మెంత గట్టిదైనను, పాడించు యంత్రము లేనినాడు అది మెఱయు పళ్ళెము మాత్రమే. మా తండ్రిగారి బీరువాలోని డిస్కులన్నియు మావే యైనను, యంత్రము మూగయై యున్నన్నాళ్ళు అవి మాకు లేనివే యైనవి. కాబట్టి స్వత్వము కాగితముపై నుండిన చాలదు. మరమ్మతు చేసికొను శక్తి దానికి తోడు కావలెను. ఆ శక్తి యంత్రమును ఎఱిగిన మనిషియందును, యంత్రమును వివరించు గ్రంథమునందును గలదు. మా యంత్రమును బ్రదికించినవి ఆ రెండే.

ఆ కాలపు తయారీదారులు తమ యంత్రములకు సర్వీసు మాన్యువలులను అచ్చొత్తించి మరమ్మతుదారుల కందునట్లు చేసెడివారు. విద్యుత్పటములు, కొలతలు, భాగముల పట్టికలు, విప్పు క్రమము అన్నియు అందుండెడివి. నేటి పరికరములలో పెక్కింటికి అట్టి గ్రంథము బయటివారికి దొరకదు. మూతలు మరలకు బదులు జిగురుతో అంటింపబడుచున్నవి. ఒక పరికరపు భాగమును మఱియొకదానికి అమర్చిన అంగీకరింపని యేర్పాట్లును వచ్చినవి. దీనిని గుర్తించిన దేశములు కదలినవి. ఫ్రాన్సులో 2021 జనవరి 1 నుండి కొన్ని పరికరములపై మరమ్మతునకు అనువెంతయో మార్కులలో చూపవలెనని శాసించిరి. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కునుగూర్చి శాసనము చేసెను. మన దేశమున కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జులైలో ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును తెఱచెను. వాహనములు, ఫోనులు, గృహోపకరణములు, వ్యవసాయ పరికరములు దాని పరిధిలోనివి. ఇది మంచి ప్రారంభము. కాని సమాచారమిచ్చుట యొకటి, హక్కునిచ్చుట యొకటి. ఇచ్చువాని దయపై నిలిచియున్నది హక్కనిపించుకొనదు.

గ్రంథముకంటెను త్వరగా అంతరించునది మనిషి. మా యంత్రమును బాగుచేసిన పెద్దాయనకు శిష్యులు లేరు. ఎవరైన నేర్చుకొనవచ్చిరా యని అడిగితిమి. "వచ్చారు సాబ్, రెండు నెలలు కూర్చుని ఫోన్ల పనికి పోయారు. వాళ్ళ తప్పు లేదు, కడుపు నిండాలి కదా" అనిరి. ఆ జవాబులో కోపము లేదు, బాధ యున్నది. ఆయన చేతి నేర్పు డిస్కుయంత్రములకు మాత్రమే పరిమితమైనది కాదు. లక్షణమును చూచి కారణమును ఊహించుట, ఊహను కొలతతో పరీక్షించుట, దోషమున్న తావును మాత్రమే ముట్టి మిగిలినదానిని చెఱపకుండుట: ఏ యంత్రము చెడినను కావలసిన విద్య యిదే. పలక నంతటిని మార్చివేయుట మాత్రమే నేర్చినవానికి ఈ విద్య అబ్బదు.

కావున మేము కోరునవి పెద్ద కోరికలు కావు. తయారు చేయుట మానివేసిన యంత్రముల సర్వీసు మాన్యువలులను తయారీదారులు బహిరంగముగా నుంచవలెను. అమ్మకమే లేని వస్తువుపై రహస్య మేల? ఐ.టి.ఐ. పాఠశాలలలో విద్యార్థులకు దోషనిర్ణయము నేర్పుటకు ఈ పాత యంత్రములను ముందుంచవలెను. వీని భాగములు కంటికి కనబడునంత పెద్దవి, చేతికి అందునంత విడివిడివి. వీనికంటె మంచి పాఠ్యపుస్తకము దొరకుట అరుదు. మరమ్మతు దుకాణమువారు మూత విప్పి చూచిన తరువాతనే తీర్పు చెప్పవలెను. చూచినందుకు రుసుము పుచ్చుకొన్నను మాకు సమ్మతమే. ఇక గృహస్థులు, బాగుచేసిన మనిషి శ్రమకు బేరమాడకుండ విలువ నీయవలెను. నూఱు రూపాయల బెల్టునకు అయిదువందల కూలి యేమని అడుగువారు, ఏ బెల్టు మార్చవలెనో తెలిసికొనుటకు ఆయనకు పట్టిన నలువది యేండ్లను లెక్కలో వేసికొనవలయును.

ఇన్ని చెప్పి, వినుటలోని సుఖమును చెప్పకుండుట అన్యాయము. మా యింట నిప్పుడు రాత్రి భోజనానంతరము ఒక డిస్కు పెట్టెదము. నడుమ ప్రకటనలు రావు. తరువాతి పాటను ఎవ్వరును తోసి పంపరు. రాగాలాపన తన తీరికలో సాగి, కీర్తన ముగిసి, డిస్కు మెల్లగా ఆగును. ఆగిన తరువాత ఒక నిమిషము ఎవ్వరము మాటలాడము. డిస్కుతో వచ్చిన చిన్న పుస్తకమున మృదంగము వాయించినవారి పేరు, వయొలిన్ వాయించినవారి పేరు మా పిల్లలు చదువుచున్నారు. మా తండ్రిగారు ఆ యంచున పెన్సిలుతో వ్రాసికొనిన కొన్ని తేదీలును ఉన్నవి. బల్ల కావలనుండి చెప్పిన మాటను మేము విని యుండినచో ఇవి యన్నియు తూకమునకు పోయి యుండెడివి.

పాఠకులలో అనేకుల యిండ్ల అటకలపై ఇట్టి యంత్రములు గుడ్డకప్పి యున్నవని మే మెఱుగుదుము. ఈ యాదివారము ఒకదానిని క్రిందికి దింపుడు. దుమ్ము తుడువుడు. బెల్టు సాగినదేమో, గ్రీజు ఎండినదేమో, తెలిసినవారిచే మూత విప్పించి చూపుడు. అప్పటికిని లేవకున్నచో చింతిల్లవలదు. కాని ముందు విచారణ జరుగవలెను.